ఊళ్లో కుర్రాళ్ల మీద ఉపా కేసు పెట్టారు, నలుగురం కలిసి ఏం చేయగలం?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: మీ టౌన్‌లో ఇద్దరు కుర్రాళ్లను ఉపా (చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం) కింద అరెస్టు చేశారు. ఒకతను డిగ్రీ ఆఖరి సంవత్సరం, ఇంకొకతను సెల్‌ఫోన్ రిపేర్ షాపులో పని చేస్తాడు. మీరు ఏడెనిమిది మంది కలిసి ఏదైనా చేయాలనుకుంటున్నారు. ధర్నా పెట్టాలా, సంతకాలు సేకరించాలా, ఇలాంటి చట్టాల మీద జనం కొట్లాడి గెలిచిన దాఖలా ఎక్కడైనా ఉందా, చివరికి మా మీద కూడా కేసు పడుతుందా అని అడిగారు.

టాడా అనే పాత ఉగ్రవాద నిరోధక చట్టం రోజుల నుంచీ నేను హక్కుల పనిలో ఉన్నాను. లాయర్ని కాను. నిజనిర్ధారణకు వెళ్లడం, రిపోర్టు రాయడం, కుటుంబాలను జైలు ములాఖత్‌కు తీసుకెళ్లడం, నా అనుభవమంతా ఇదే. కోర్టు సంగతులు నేను చెప్పినవి మీ లాయర్‌తో ఒకసారి సరిచూసుకోండి.

గెలిచిన దాఖలాలు ఉన్నాయి. టాడా పోయింది, దాని తర్వాత వచ్చిన అలాంటి చట్టమే పోటా, అదీ పోయింది. అయితే ఆ రెంటినీ కోర్టు కొట్టేయలేదు. ఇది చాలామందికి తెలియదు. 1994 మార్చిలో కర్తార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు టాడాను సమర్థించింది. పద్నాలుగు నెలలకే ఆ చట్టం పోయింది. 2003 డిసెంబరులో పోటానూ సమర్థించింది. అది ఏడాది కూడా నిలవలేదు. రెంటినీ దించింది బయట ఏళ్ల తరబడి జరిగిన ప్రచారం, దాంతో పార్టీలకు ఓట్ల మీద పుట్టిన భయం. కాబట్టి "కోర్టులో తేలుతుంది లెండి, మనమెందుకు" అనేవాళ్లకు ఈ రెండు తేదీలు చూపించండి.

ఆ ప్రచారం ఎలా నడిచిందో తెలిస్తే మీకు పనికొస్తుంది. 1985 మేలో, ఢిల్లీలో ట్రాన్సిస్టర్ బాంబులు పేలాక, టాడా తెచ్చారు. పంజాబ్ కోసం అన్నారు, దేశమంతా వాడారు. మన దగ్గర అదే ఏడాది కాకతీయ యూనివర్సిటీలో లెక్కల లెక్చరర్‌గా ఉన్న బాలగోపాల్ గారిని కూడా టాడా కింద జైల్లో పెట్టారు. ఎస్పీ హోదా ఉన్న అధికారి ముందు ఇచ్చిన వాంగ్మూలం కోర్టులో సాక్ష్యంగా చెల్లేది. చార్జిషీట్ వేయకుండా మొదట్లో ఏడాది దాకా లోపల ఉంచగలిగేవాళ్లు. ఉగ్రవాదం అనదగ్గదేమీ లేని గుజరాత్‌లో వేల మంది మీద టాడా కేసులుండేవి. 1994 నాటికి దేశం మొత్తం మీద అరెస్టులు 76 వేలు దాటాయి, శిక్షలు నూటికి రెండు కూడా లేవు.

ఈ అంకెలే టాడాకు ఎసరు పెట్టాయి. ఉపన్యాసాలు వినని ఎంపీలు కూడా అంకెలు విన్నారు. 1995 ఫిబ్రవరిలో జాతీయ మానవ హక్కుల కమిషన్ చైర్మన్ జస్టిస్ రంగనాథ్ మిశ్రా స్వయంగా ఎంపీలకు ఉత్తరం రాసి, దీన్ని పొడిగించవద్దని కోరారు. మే 23న గడువు తీరింది, ప్రభుత్వం పొడిగించలేదు. పాత కేసులు మాత్రం ఆ తర్వాత కూడా ఏళ్లకేళ్లు నడిచాయి. చట్టం పోతే కేసూ పోతుందని కుటుంబాలకు ఎప్పుడూ చెప్పకండి.

పోటా కథ ఇంకాస్త తమాషాగా ఉంటుంది. 2002 మార్చిలో రాజ్యసభ బిల్లును తిరస్కరిస్తే ఉభయ సభలనూ ఒకచోట కూర్చోబెట్టి పాస్ చేయించుకున్నారు. ఆ బిల్లుకు మద్దతిచ్చిన కూటమిలోనే ఉన్న ఎండీఎంకే నాయకుడు వైకోను నాలుగు నెలలు తిరక్కుండా జయలలిత ప్రభుత్వం అదే పోటా కింద లోపలేసింది. ఎల్టీటీఈని సమర్థిస్తూ మాట్లాడారన్నది నేరం. పందొమ్మిది నెలలు ఉన్నారు. "ఉగ్రవాదుల మీద కదా, మనకెందుకు" అనే మాటకు వైకో కంటే మంచి జవాబు ఏ కరపత్రంలోనూ దొరకదు. 2004 మార్చిలో ఢిల్లీలో పోటా మీద ప్రజా ట్రిబ్యునల్ జరిగింది. హక్కుల లాయర్ మన కన్నబిరాన్ గారు, బొంబాయి హైకోర్టు రిటైర్డ్ జడ్జి జస్టిస్ హెచ్. సురేశ్ ఆ ప్యానెల్‌లో ఉన్నారు. రాష్ట్రాల నుంచి బాధితులు, వాళ్ల తల్లులు వచ్చి మాట్లాడారు. కొన్ని వారాల్లో ఎన్నికలు. కొత్త ప్రభుత్వం ఉమ్మడి కార్యక్రమంలోనే పోటా రద్దు ఉంది, సెప్టెంబరులో రద్దు చేసింది.

మీకు నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇక్కడుంది. పోటా రద్దు ఆర్డినెన్సు, ఉపాను సవరించే ఆర్డినెన్సు ఒకే రోజు వచ్చాయి, 2004 సెప్టెంబరు 21న. 1967 నాటి ఉపా అప్పటిదాకా సంఘాలను నిషేధించే చట్టం. ఆ రోజు ఉగ్రవాద చర్య నిర్వచనం, నిషేధిత సంస్థల జాబితా కాపురం ఎత్తేసి పక్క వీధిలో దిగినట్టు అందులోకి దిగాయి. 2008లో ముంబై దాడి జరిగిన మూడు వారాల్లో బెయిల్ కష్టం చేసే సెక్షనూ, 180 రోజుల నిర్బంధమూ తిరిగొచ్చాయి. 2019లో ఏ విచారణా లేకుండా ఒక మనిషిని పేరు పెట్టి ఉగ్రవాదిగా ప్రకటించే అధికారం వచ్చింది. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 113వ సెక్షన్‌లో అదే నేరం మామూలు శిక్షాస్మృతిలోకీ చేరింది. కేసు ఇందులో పెట్టాలా, ఉపాలో పెట్టాలా అన్నది ఎస్పీ స్థాయి అధికారి ఇష్టం.

మణిపూర్‌లోనూ అంతే. 2004 జూలైలో ఇంఫాల్ కాంగ్లా కోట ముందు బలగాల అఘాయిత్యాల మీద మణిపురీ తల్లులు చేసిన నిరసన తర్వాత సాయుధ బలగాల ప్రత్యేక అధికారాల చట్టాన్ని పరిశీలించడానికి మన తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి అధ్యక్షతన కమిటీ వేశారు. 2005లో ఆ కమిటీ చట్టాన్ని రద్దు చేయమంది. దాంతోపాటే, అవసరమైన అధికారాలను ఉపాలో చేర్చమనీ చెప్పింది.

కాబట్టి "ఉపా రద్దు చేయాలి" అనే బ్యానర్ కట్టుకోండి, తప్పులేదు. కానీ మీ శక్తి ఖర్చు పెట్టాల్సింది సెక్షన్ల మీద. దీనికి నా దగ్గర రుజువు ఒకటుంది. టాడా, పోటా రెంటిలోనూ ఉండి ఉపాలోకి రానిది పోలీసు ముందు ఇచ్చిన వాంగ్మూలం చెల్లుబాటు. 2004లో రాలేదు, ముంబై దాడి తర్వాత అంత ఆవేశంలోనూ తేలేకపోయారు. మహారాష్ట్ర మోకా లాంటి రాష్ట్ర చట్టాల్లో ఉంది, ఉపాలో లేదు. ఎందుకంటే ఇరవై ఏళ్లపాటు హక్కుల సంఘాలు చిత్రహింసల గుర్తులు, తేదీలు, డాక్టర్ చీటీలు చూపించి ఆ ఒక్క సెక్షన్ పరువు తీశాయి. వేలెత్తి చూపించిన సెక్షన్ ఆగిపోయింది. చూపించనివి పేరు మార్చుకుని వచ్చాయి.

ఈ రోజున వేలెత్తి చూపాల్సింది 43డి సెక్షన్. పోలీసులు చెప్పింది పైకి నిజంలాగే ఉందని కోర్టుకు అనిపిస్తే చాలు, బెయిల్ ఇవ్వకూడదంటుంది దాని ఐదో సబ్‌సెక్షన్. 2019లో వటాలీ కేసులో సుప్రీంకోర్టు, బెయిల్ దశలో సాక్ష్యాల లోతుల్లోకి పోవద్దనడంతో ఆ ముడి ఇంకా బిగిసింది. 2021లో నజీబ్ కేసులో అదే కోర్టు, విచారణ ఏళ్ల తరబడి సాగుతుంటే రాజ్యాంగ కోర్టులు బెయిల్ ఇవ్వొచ్చని కాస్త వదులు చేసింది. ఆ నిందితుడు అప్పటికి ఐదేళ్లకు పైగా లోపలే ఉన్నాడు. 2016 నుంచి 2020 వరకు ఉపా కింద నిందితులు 24,134 మంది. శిక్ష పడింది 212 మందికి, నిర్దోషులుగా తేలింది 386 మంది. కేంద్ర హోంశాఖ పార్లమెంటులో ఇచ్చిన లెక్క ఇది. మిగిలిన ఇరవై మూడు వేల పైచిలుకు మంది ఏమయ్యారు? ఆ ఐదేళ్లలో వాళ్ల కేసులు తేలనే లేదు. మీ కరపత్రం మీద మొదటి వాక్యంగా ఇది వేసుకోండి.

ఇక మీ ఊరికి వద్దాం. ధర్నా కంటే ముందు ఒక లాంగ్ నోట్‌బుక్ కొనండి. ఒక్కరే, చేతిరాత బాగుండేవాళ్లు రాయాలి. ఇద్దరు కుర్రాళ్లకూ చెరి సగం. మొదటి పేజీలో ఒకే విషయం: ఎప్పుడు, ఎక్కడ, ఎవరు చూస్తుండగా తీసుకెళ్లారు. పోలీసులు ఇంటికి వచ్చిన టైమ్ వేరు, రిమాండ్ రిపోర్టులో అరెస్టు చేశామని రాసే టైమ్ వేరు. రాత్రి పదకొండింటికి ఇంట్లోంచి తీసుకెళ్లిన మనిషిని మర్నాడో, ఆ మర్నాడో "బస్టాండు దగ్గర అనుమానాస్పదంగా తిరుగుతుండగా" పట్టుకున్నట్టు రాయడం నేను లెక్కలేనన్ని కాగితాల్లో చూశాను. 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలని రాజ్యాంగం 22వ అధికరణం చెప్తుంది. ఆ తేడా గంటలే మీ కేసుకు పునాది. ఎదురింటి కిరాణా షాపు కెమెరాలో ఉండే ఉంటుంది. ఫుటేజి కొద్ది రోజుల్లో చెరిగిపోతుంది, ఈ రోజే అడగండి. ఇవ్వడానికి షాపాయన భయపడితే బలవంతం చేయొద్దు. భద్రపరచమని మీ లాయర్ ద్వారా కోర్టులో పిటిషన్ వేయించండి.

మా రోజుల్లో మనిషిని తీసుకెళ్లిన గంటలో కుటుంబం చేత హైకోర్టు చీఫ్ జస్టిస్‌కు, ఎస్పీకి టెలిగ్రాం ఇప్పించేవాళ్లం. దాని మీద టైమ్ పడేది. ఆ రసీదు ముక్క ఎన్నో హెబియస్ కార్పస్ (నిర్బంధించిన మనిషిని కోర్టు ముందు పెట్టమనే) పిటిషన్లకు మొదటి కాగితం. 2013లో టెలిగ్రాం మూతపడింది. ఇప్పుడు ఈమెయిల్, స్పీడ్ పోస్ట్ రెండూ చేయండి. ఈమెయిల్‌కు టైమ్ ఉంటుంది, స్పీడ్ పోస్ట్‌కు రసీదు ఉంటుంది. జవాబు రాకపోయినా ఫర్వాలేదు, పంపినట్టు ఉంటే చాలు.

తర్వాత రిమాండ్ రిపోర్టు, ఎఫ్ఐఆర్, స్వాధీనం చేసుకున్న వస్తువుల పంచనామా సంపాదించండి. అరెస్టు కారణాలు రాతపూర్వకంగా ఇచ్చారా లేదా అన్నది మొదట చూడాలి. ఉపా కేసులో కూడా ఇవ్వాల్సిందేనని న్యూస్‌క్లిక్ సంపాదకుడు ప్రబీర్ పుర్కాయస్థ కేసులో 2024 మేలో సుప్రీంకోర్టు చెప్పి, ఇవ్వనందుకు ఆ అరెస్టే చెల్లదంది. పంచనామా సాక్షులెవరో చూడండి. పంచనామా జరిగిన ఊరివాళ్లేనా, రెవెన్యూ ఆఫీసు సిబ్బందా? ఒకే ఇద్దరు వేర్వేరు ఊళ్ల పంచనామాల్లో ఉన్నారా?

రిపేర్ షాపు కుర్రాడి విషయంలో ఇది ఇంకా ముఖ్యం. షాపులో దొరికిన ఫోన్లన్నీ అతని ఖాతాలో రాసి ఉంటారు. అందులో కస్టమర్లవి ఎన్ని? ఓనర్ దగ్గర రిపేర్ రసీదుల పుస్తకం ఉంటే ఫోటోలు తీసి పెట్టండి. ఏ ఫోన్ ఎవరిదో, ఏ తేదీన ఇచ్చారో, డిస్‌ప్లే పోయిందా చార్జింగ్ పిన్నా, అన్నీ అందులో ఉంటాయి. స్వాధీనం చేసుకున్నప్పుడు ఫోన్లకు, కంప్యూటర్లకు హ్యాష్ వాల్యూ (లోపలి ఫైళ్లు తర్వాత మారాయో లేదో తేల్చే డిజిటల్ వేలిముద్ర లాంటిది) తీశారా అని లాయర్‌ను అడగమనండి. మహారాష్ట్రలో పెట్టిన భీమా కోరెగావ్ ఉపా కేసులో ఒక నిందితుడి లాప్‌టాప్‌లోకి మాల్‌వేర్ ద్వారా ఫైళ్లు చొప్పించారని ఒక అమెరికన్ ఫోరెన్సిక్ సంస్థ 2021లో రిపోర్టు ఇచ్చింది. ఆ లాప్‌టాప్‌లోని డేటా కాపీ డిఫెన్స్ చేతికి వచ్చింది కాబట్టే అంత దూరం వెళ్లగలిగారు.

భాష దగ్గర కూడా జాగ్రత్త. పార్లమెంటు దాడి కేసులో ఢిల్లీ యూనివర్సిటీ అరబిక్ లెక్చరర్ గిలానీకి పోటా కోర్టు ఉరిశిక్ష వేసింది. ప్రాసిక్యూషన్ పట్టుకున్న ముఖ్యమైన ఆధారం, ఆయన తమ్ముడితో కాశ్మీరీలో మాట్లాడిన రెండు నిమిషాల ఫోన్ కాల్ అనువాదం. డిఫెన్స్ తరఫున ఒక సినిమా దర్శకుడు, ఒక కార్మిక నాయకుడు, ఇద్దరూ కాశ్మీరీ పండిట్లే, కోర్టుకొచ్చి ఆ అనువాదం తప్పని చెప్పారు. బయట అధ్యాపకులు, రచయితలు డిఫెన్స్ కమిటీ పెట్టి రెండేళ్లు ఊరూరా తిరిగారు. 2003 అక్టోబరులో హైకోర్టు వదిలేసింది, 2005లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. మీ కేసులో ఉర్దూలో, గోండిలో, లేదా మన తెలుగులో ఉన్న మెసేజ్‌లను ఇంగ్లిషులోకి మార్చి పెట్టి ఉంటే, ప్రతి లైనూ తెలిసినవాళ్ల చేత చదివించండి. కుర్రాళ్లు వాట్సాప్‌లో "సామాన్ తీస్కరా" అంటే బిర్యానీ కూడా కావచ్చు.

ఒక క్యాలెండర్ గోడకు తగిలించుకోండి. మొదటి రిమాండ్ నుంచి 90వ రోజు ఎరుపు రంగుతో గుర్తు పెట్టండి. అప్పటికి చార్జిషీట్ పడకపోతే, గడువు 180 రోజులకు పెంచమని ప్రాసిక్యూటర్ కారణాలతో రిపోర్టు వేయాలి. అది విచారించేటప్పుడు నిందితుణ్ని హాజరుపరచాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. పెంచిన కోర్టుకు ఆ అధికారం లేకపోతే ఆ పెంపే చెల్లదు. అదే భీమా కోరెగావ్ కేసులో లాయర్ సుధా భరద్వాజ్ 2021 డిసెంబరులో బయటికొచ్చింది సరిగ్గా ఈ పాయింటు మీదే. కేసు నడపడానికి ప్రభుత్వ అనుమతి కావాలి, దానికీ గడువులున్నాయి. ఇవన్నీ లాయర్ పని అనుకోకండి. జిల్లా కోర్టులో వంద కేసులున్న లాయర్‌కు 89వ రోజు సాయంత్రం ఫోన్ చేసి గుర్తు చేసేవాడు కావాలి. ప్రచార కమిటీ చేయగలిగిన అతి పెద్ద సాయం అదేనని నా అభిప్రాయం.

ఇక జనం. చాయ్ హోటల్ దగ్గర మీకు ఎదురయ్యే మొదటి ప్రశ్న తెలుసు కదా. "మరి బాంబులు పెట్టినోళ్ల సంగతేంది?" దీన్ని దాటేసే కమిటీ మూడో రోజే మూతపడుతుంది. గోకుల్ చాట్, లుంబినీ పార్కు పేలుళ్లలో 42 మంది పోయిన హైదరాబాద్ మనది. ఆ కుటుంబాల గురించి మాట్లాడకుండా హక్కుల గురించి మాట్లాడితే ఎవరూ వినరు, వినకపోవడం న్యాయమే. తొంభైల్లో మన హక్కుల ఉద్యమంలో జరిగిన పెద్ద చర్చ ఇదే. రాజ్యం చేసే హింసతో పాటు ఉద్యమాల పేరుతో జరిగే హింసనూ ప్రశ్నించాలన్నారు బాలగోపాల్. ఆ విభేదం తర్వాతే 1998లో మానవ హక్కుల వేదిక పుట్టింది. రెండు వైపులా నాకు మిత్రులున్నారు. ఈ ఒక్క విషయంలో మాత్రం బాలగోపాల్ చెప్పిందే ఊళ్లో నిలబడుతుందని అనుభవంతో చెప్పగలను.

మక్కా మసీదు కేసు చెప్పండి వాళ్లకు. 2007 మే 18, శుక్రవారం. పేలుడులో తొమ్మిది మంది చనిపోయారు, తర్వాత పోలీసు కాల్పుల్లో ఐదుగురు. పాతబస్తీ నుంచి పదుల కొద్దీ ముస్లిం కుర్రాళ్లను ఎత్తుకెళ్లారు. రాష్ట్ర మైనారిటీ కమిషన్ ఒక న్యాయవాదిని విచారణకు వేస్తే, ఆయన జైలుకెళ్లి కుర్రాళ్లతో మాట్లాడి చిత్రహింసలు నిజమేనని రిపోర్టు ఇచ్చారు. 2008 ఆగస్టులో హైదరాబాద్‌లో మూడు రోజుల ప్రజా ట్రిబ్యునల్ జరిగింది, ఎక్కడెక్కడి నుంచో బాధిత కుటుంబాలొచ్చాయి. కోర్టులు కుర్రాళ్లను వదిలేశాయి. 2012 నాటికి ప్రభుత్వం 70 మందికి పరిహారం ప్రకటించి, వీళ్లు మంచివాళ్లేనని సర్టిఫికెట్లు కూడా ఇచ్చింది. 2013లో హైకోర్టు ఆ పరిహారాన్ని కొట్టేసింది, అది వేరే బాధ. ఈలోగా దర్యాప్తు చేతులు మారి, వేరే మనుషుల మీద కేసు నడిచి, 2018 ఏప్రిల్‌లో వాళ్లూ నిర్దోషులుగా బయటికొచ్చారు. మసీదులో చనిపోయిన తొమ్మిది మందికి ఏం న్యాయం జరిగింది? తప్పుడు మనిషిని పట్టుకున్న రోజునే అసలు మనిషి చేయి జారిపోయాడు. ఈ మాట కోపంగా కాకుండా మామూలుగా చెప్పండి. ఒప్పుకుంటారో లేదో గానీ వింటారు.

అందరినీ కదిలించేది మాత్రం చిన్న సంగతే. స్టాన్ స్వామి అనే జెస్యూట్ ఫాదర్‌ను 2020 అక్టోబరులో ఉపా కింద అరెస్టు చేశారు. పార్కిన్సన్స్ జబ్బు, చేతులు వణుకుతాయి, గ్లాసు పట్టుకోలేరు. నీళ్లు తాగడానికి స్ట్రా, సిప్పర్ ఇవ్వమని అడిగితే జాతీయ దర్యాప్తు సంస్థ ఎన్ఐఏ జవాబుకు కోర్టు ఇరవై రోజుల టైమిచ్చింది. దేశం నలుమూలల నుంచి జనం ఆన్‌లైన్‌లో సిప్పర్లు కొని జైలుకు పంపించడం మొదలుపెట్టారు. 43డి అంటే ఏమిటో తెలియని గృహిణులు కూడా ఆ సిప్పర్ ఆర్డర్ పెట్టారు. బెయిల్ పిటిషన్ తేలకముందే 2021 జూలై 5న, 84 ఏళ్ల వయసులో ఆయన చనిపోయారు. మీ డిగ్రీ కుర్రాడికి పరీక్షలున్నాయి కదా. హాల్ టికెట్, జైలు నుంచి పరీక్ష రాయనివ్వమనే పిటిషన్, అతని క్లాస్‌మేట్ల సంతకాలు, ముందు దీన్ని పట్టుకోండి. "చట్టం రద్దు" మీద సంతకం పెట్టని ప్రిన్సిపాల్ కూడా "పరీక్ష రాయనివ్వండి" మీద పెడతారు. సంతకం పెట్టిన మనిషి రెండో మీటింగుకు వస్తాడు.

సభకు ఎప్పుడూ కనిపించే మొహాలనే పిలవకండి. బార్ అసోసియేషన్ సెక్రటరీ, రిటైరైన హెడ్‌మాస్టర్, మసీదు కమిటీ పెద్ద, చర్చి పాస్టర్, సెల్‌ఫోన్ షాపుల యూనియన్. అవును, ఆ యూనియన్ తప్పకుండా, రేపు ఎవరి షాపులో ఏ ఫోన్ దొరుకుతుందో వాళ్లకే భయం. అమెరికాలో పేట్రియాట్ అనే ఉగ్రవాద నిరోధక చట్టం వచ్చాక మసాచుసెట్స్‌లో నార్తాంప్టన్ అనే చిన్న ఊళ్లో మొదలైన కమిటీల ప్రచారంతో నాలుగు వందలకు పైగా నగర, కౌంటీ మండళ్లు దానికి వ్యతిరేకంగా తీర్మానాలు చేశాయి. ఎవరు ఏ పుస్తకం చదివారో చెప్పమంటే లైబ్రేరియన్లు ఎదురు తిరిగారు. ఆ తీర్మానాలతో చట్టం ఆగలేదు. కానీ ప్రతి ఊళ్లో ఒక సాయంత్రం ఆ చట్టం గురించి చర్చ జరిగింది. మీ మున్సిపల్ కౌన్సిల్‌లో అంత దూరం వెళ్లడం కష్టమే. వార్డు సభ్యుడొకరు ఎస్పీకి ఉత్తరం రాసినా చాలు.

డబ్బు దగ్గర చాలా జాగ్రత్తగా ఉండండి. ఉపాలో నిధులు సేకరించడం మీద ప్రత్యేకంగా సెక్షన్ ఉంది. కమిటీ పేరుతో నగదు వసూలు చేయొద్దు. ఇవ్వాలనుకున్నవాళ్లు నేరుగా లాయర్ ఖాతాకో, కుర్రాడి తల్లి ఖాతాకో పంపితే లెక్క బ్యాంకులోనే ఉంటుంది. విదేశాల్లో ఉన్న మిత్రులు సంఘానికి పంపుతామంటే వద్దనండి, విదేశీ విరాళాల చట్టం ఇంకో తలనొప్పి.

ఇక మీ మీద కేసు పడుతుందా? పడదని నేను హామీ ఇవ్వలేను. ములుగు జిల్లా తాడ్వాయి పోలీస్ స్టేషన్‌లో 2022 ఆగస్టులో ఒక ఎఫ్ఐఆర్ అయింది. అందులో 152 మంది ఉన్నారనీ, ప్రొఫెసర్ హరగోపాల్ పేరు కూడా ఉందనీ 2023 జూన్‌లో గానీ బయటపడలేదు. వేరే వ్యక్తి బెయిల్ విషయంలో పోలీసులు ఆ ఎఫ్ఐఆర్ కోర్టుకు చూపిస్తే తెలిసింది. జాబితాలో పోటా ట్రిబ్యునల్‌లో కూర్చున్న అదే జస్టిస్ సురేశ్ పేరు కూడా ఉంది. ఆయన 2020లోనే చనిపోయారు. చనిపోయిన మనిషి మీద ఉపా కేసు! అన్ని పార్టీల నుంచీ గోల మొదలయ్యాక ముఖ్యమంత్రి చెప్పడంతో హరగోపాల్ గారితో పాటు మొత్తం ఆరుగురి పేర్లు తీసేస్తున్నట్టు పోలీసులు ప్రకటించారు. పేరున్నవాళ్లు బయటపడగానే గోల తగ్గిపోయింది. తక్కిన 146 మందిలో ఎక్కువమంది పేర్లు ఏ పత్రికా రాయలేదు. మీ ఇద్దరిలో కూడా డిగ్రీ కుర్రాడికి ముందు సానుభూతి వస్తుంది, రిపేర్ షాపు అతను వెనకపడతాడు. కరపత్రంలో ఇద్దరి పేర్లూ ఒకే సైజులో వేయండి.

భయం తగ్గించుకునే మార్గం దాక్కోవడం కాదు. మీటింగ్ ఎక్కడో, ఎప్పుడో పోస్టర్ మీద వేయండి, స్టేషన్‌కు కూడా ఒక కాపీ ఇవ్వండి. నిషేధిత సంస్థల నినాదాలు, జెండాలు సభలో ఉండకూడదు, ఎవరైనా ఉత్సాహంగా మొదలుపెడితే మైకు ఆపేయండి. మీరు కోరుతున్నది న్యాయమైన విచారణ, త్వరగా బెయిల్, చిత్రహింసలు లేకపోవడం. ప్రతి ప్రెస్ నోట్‌లో ఆ మూడే ఉండాలి. నిషేధిత సంస్థ పని ముందుకు నడిపించే ఉద్దేశంతో చేసిన మద్దతే నేరమని ఉపా 39వ సెక్షన్‌లోనే ఉంది. ఉద్దేశం లేని మాట నేరం కాదని పోటా మీద 2003 తీర్పులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. మీ ఉద్దేశం ఏమిటో మీ కాగితాల్లోనే రాసి ఉండేలా చూసుకోండి. అయినా సోదాలు జరగొచ్చు. మావోయిస్టులతో సంబంధాలున్నాయంటూ పెట్టిన ముంచింగిపుట్టు కేసులో 2021 మార్చి 31న రెండు రాష్ట్రాల్లో హక్కుల కార్యకర్తలు, రచయితలు, లాయర్ల ఇళ్లకు ఎన్ఐఏ వచ్చింది. ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి ఉంచండి: వారెంటు చదవాలి, తీసుకెళ్లిన ప్రతి వస్తువూ పంచనామాలో ఉందో లేదో చూసుకుని కాపీ అడగాలి. చిన్నపిల్లలున్న ఇల్లయితే వాళ్లను పక్కింటికి పంపడానికి ఎవరో ఒకరు ఉండాలి.

ఎన్నాళ్లు పడుతుందని మీరు అడగలేదు గానీ చెప్పాలి. అమలాపురం నుంచి ఢిల్లీ దాకా వెళ్లి ఇంగ్లిషు పాఠాలు చెప్పిన ప్రొఫెసర్ జి.ఎన్. సాయిబాబా 90 శాతం వైకల్యంతో చక్రాల కుర్చీలో ఉండగా 2014లో ఉపా కింద అరెస్టయ్యారు. 2022 అక్టోబరు 14న బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి విడుదల చేయమంటే, మర్నాడు శనివారమైనా సుప్రీంకోర్టు కూర్చుని ఆపింది. 2024 మార్చిలో మళ్లీ నిర్దోషి అన్నారు, బయటికొచ్చిన ఏడు నెలలకు హైదరాబాద్ నిమ్స్‌లో చనిపోయారు. సహనిందితుడైన ఆదివాసీ యువకుడు పాండు నరోటే అంతకు ముందే జైల్లో ఉండగా పోయాడు. అందుకే మీ ఏడెనిమిది మందిలో ముగ్గురైనా మూడేళ్లు ఉండేవాళ్లు కావాలి. ఉద్యోగం కోసం ఊరు మారేవాళ్లుంటే నోట్‌బుక్ వాళ్ల దగ్గర పెట్టకండి.

ఇప్పుడు మీ నుంచి నాకు తెలియాల్సినవి మూడున్నాయి: కేసు స్థానిక పోలీసుల దగ్గరే ఉందా, ఎన్ఐఏకు వెళ్లిందా, మొదటి రిమాండ్ తేదీ ఏమిటి, అరెస్టు కారణాల కాగితం కుటుంబం చేతికి వచ్చిందా. కుర్రాళ్ల పేర్లు ఇక్కడ పెట్టొద్దు, ఈ మూడు మాత్రం చెప్పండి. తొంభై రోజుల లెక్క ఎక్కడ పడుతుందో దాన్ని బట్టి ముందు బెయిల్ పిటిషనా, పరీక్ష పిటిషనా అన్నది చూద్దాం.